గుఱ్ఱానికి గుగ్గిళ్ళొక్కటే చాలవు

"గుఱ్ఱం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనకొక సామెత ఉన్నది. పనికి వెనకా తిండికి ముందూ ఉండేవాళ్ళను దెప్పడానికి దాన్ని వాడుతూ ఉంటాం. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ఈ సామెతను నేను క్లాసులో ఎన్నిసార్లు ఉదాహరించి ఉంటానో లెక్క లేదు. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పాపం, ఆ నవ్వుల్లో గుఱ్ఱం తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. కళ్ళు గుడ్డివైతే మాత్రం కడుపు గుడ్డిదవుతుందా? అసలు దాని కడుపెంత, అది దేనితో నిండాలి, ఎప్పుడెప్పుడు నిండాలి అనే సంగతి ఆ సామెత చేసిన మహానుభావుడు ఆలోచించి ఉండడు.

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి గుఱ్ఱం కడుపుతో ఏం పని అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పని నాది కాదు, మా సందు చివరనున్న సాయిబుగారిది.

మాది తెనాలి. సాయిబుగారి తండ్రి రైలుస్టేషను దగ్గర జట్కా తోలాడు, ఆ తరువాత ఈయనా తోలాడు. నేను రెండో తరగతిలో ఉండగా వాన పడ్డ రోజున ఆయన జట్కాలోనే బడికి వెళ్ళేవాణ్ణి. కింద మెత్తగా పరిచిన ఎండుగడ్డి, దానిమీద గోనెపట్టా, బండి కింద వేలాడే దాణా సంచి నాకింకా జ్ఞాపకమే. జట్కాల బతుకును రిక్షాలు కొంత తింటే, మిగిలినదంతా ఆటోలు తినేశాయి. బండి విరిగి పొయ్యిలోకి కట్టెలయింది. గుఱ్ఱాన్ని మాత్రం ఆయన వదలలేదు. పెళ్ళి ఊరేగింపులకూ, ఒడుగులకూ, పండుగలకూ అద్దెకిస్తూ వచ్చాడు. ఇప్పుడాయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. లాయంలో మిగిలింది ఒకే ఒక ఆడగుఱ్ఱం. నిఘంటువులో దీనికి 'గోడిగ' అనే చక్కని మాట ఉన్నది గాని, అలా పిలిస్తే సాయిబుగారే నవ్వుతారు. ఆయన పెట్టిన పేరు మోతీ. పేరుకు తగ్గట్టు ముత్యంలాగే తెల్లగా ఉంటుంది.

నిరుడు మాఘమాసంలో ఈ మోతీకి జబ్బు చేసింది. జబ్బంటే పడిపోవడం, పొర్లడం కాదు. ముందుపెట్టిన గుగ్గిళ్ళలో నాలుగు పిడికిళ్ళు తిని మూతి తీసేసేది. పక్కనున్న గడ్డిపరక మాత్రం కొరుకుతూ నిలబడేది. ఊరికే పళ్ళు నూరేది, మాటిమాటికీ ఆవులించేది. జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వచ్చేది. పసిపిల్లలు తోక పట్టుకు లాగినా కదలని జంతువు అది! ప్రక్కటెముకలు లెక్కపెట్టేటట్టు తేలాయి. వెంట్రుకల్లో నిగనిగ పోయింది.

"దిష్టి మాస్టారూ! తెల్ల గుఱ్ఱం గదా, రాత్రికి అయిదొందల కళ్ళు దానిమీదే," అన్నారు సాయిబుగారు. మెడకు తాయెత్తు కట్టించారు. వాము, శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి నూరిన మసాలా ఉండలు మింగించారు. ఫలితం లేకపోయింది.

ఆటో నడిపే ఆయన కొడుకు వాదన వేరు. ఆటో తిరిగిన రోజే ఇంధనం తాగుతుందట, గుఱ్ఱం తిరగని రోజున కూడా తింటుందట. పెళ్ళిళ్ళ రోజులు ఇంకా ఉన్నాయి గనుక, ఇప్పుడే ఎవరికైనా అమ్మేస్తే నాలుగు డబ్బులు వస్తాయనిన్నీ, ఎముకలు ఇంకా తేలితే అడిగే నాథుడే ఉండడనిన్నీ అతను లెక్క చెప్పాడు. లెక్కలో తప్పేమీ లేదు. సాయిబుగారు మాత్రం జవాబు చెప్పకుండా లాయంలోకి వెళ్ళి మోతీ మెడమీద చెయ్యివేసి నిలబడ్డారు. ఆయన భార్యను వీధివాళ్ళమంతా బూబమ్మగారంటాం. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మీ దగ్గర చదివిన పిల్లలు డాక్టర్లయ్యారంటారు గదా మాస్టారూ, గుఱ్ఱాన్ని చూసేవాళ్ళెవరూ లేరా?" అని అడిగింది.

ఉన్నారు. మా కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివిన ఒక అమ్మాయి తరువాత పశువైద్యం చదివింది. ఫోను చేస్తే, ఆదివారంనాడు తనే వచ్చింది. ఆ మధ్యాహ్నం లాయంలో ఆ అమ్మాయి పాఠం చెబుతుంటే, పంతులునైన నేను విద్యార్థిగా కూర్చున్నాను. అలా విన్నదే ఇప్పుడు మీకు చెప్పబోతున్నది.

ముందు ఆమె మోతీని చూడలేదు, దాని దినచర్య అడిగింది. సాయిబుగారు గర్వంగానే చెప్పారు. పొద్దున ఆరింటికి కిలోన్నర ఉలవ గుగ్గిళ్ళు, తవుడు. సాయంత్రం మళ్ళీ అంతే, పైన బెల్లం. మధ్యాహ్నం ఒక పిడికట్ట వరిగడ్డి. రాత్రి ఏడింటి తరువాత ఏమీ లేదు. పెళ్ళి ఉన్న రోజున సాయంత్రపు మేత కూడా లేదు.

"అదెందుకు లేదు తాతా?" అన్నది అమ్మాయి.

"ఊరేగింపులో లద్దె వేస్తే పెళ్ళివారు కేకలేస్తారమ్మా. బాడుగలో కోస్తారు."

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మూలనున్న ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి ముందు పెట్టింది. "ఇది పదిహేను లీటర్లది. మీ మోతీ కడుపుసంచి దీనికంటే పెద్దది కాదు. ఇంత శరీరానికి ఇంత చిన్న సంచి ఎందుకిచ్చాడో ఆ దేవుడు, ఎప్పుడైనా అనుకున్నారా?"

నిజమే మరి. ఆవు పెద్దపొట్ట నూరు లీటర్లకు పైగా పడుతుంది. అది గబగబా మేసి, చెట్టునీడన పడుకుని, తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుఱ్ఱానికి ఆ సదుపాయం లేదు. ఎనిమిది నుంచి పదిహేను లీటర్ల చిన్న సంచి, నెమరు లేదు, పైగా వాంతి చేసుకునే శక్తి కూడా లేదు. లోపలికి వెళ్ళింది ముందుకు పోవలసిందే. బయలులో వదిలిన గుఱ్ఱాన్ని గమనించినవాళ్ళు అది రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుందని చెబుతారు. దాని కడుపు ఆ అలవాటుకు తగ్గట్టే తయారయింది.

అసలు కీలకం ఇక్కడుంది. మన కడుపులో ఆమ్లం ముఖ్యంగా భోజనం వేళకు జోరుగా ఊరుతుంది. గుఱ్ఱానికి అలా కాదు. తిన్నా తినకపోయినా, రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. దానికి విరుగుడు కూడా ప్రకృతి దాని నోట్లోనే పెట్టింది. లాలాజలంలో ఆమ్లాన్ని చల్లార్చే సోడావంటి క్షారం ఉన్నది. రోజంతా మేసే పెద్ద గుఱ్ఱానికి ముప్ఫై అయిదు, నలభై లీటర్ల లాలాజలం ఊరుతుంది. అయితే ఒక షరతు: నమిలితేనే ఊరుతుంది. నోరు ఆగితే క్షారం ఆగుతుంది, ఆమ్లం మాత్రం ఆగదు.

పోనీ కడుపు గోడలైనా దిట్టమా అంటే, కింది భాగానికి జిగురుపొర రక్షణ ఉన్నది. పై భాగానికి అదీ లేదు, అది అన్నవాహిక లోపలి చర్మంలాంటిది. సంచి ఖాళీగా ఉన్నప్పుడు గుఱ్ఱాన్ని పరుగెత్తిస్తే, కదలికకు పొట్ట బిగిసి, కింద ఉండవలసిన ఆమ్లం పైకి చిమ్మి ఆ మెత్తని గోడను కాలుస్తుంది. కాలగా కాలగా పుండవుతుంది. మనం అల్సర్ అంటామే, అదే.

ఇక గుగ్గిళ్ళ సంగతి. కిలో ఎండుగడ్డి నమలడానికి గుఱ్ఱానికి ఇంచుమించు 40 నిమిషాలు పడుతుంది. కిలో గింజలు 10 నిమిషాల్లో అయిపోతాయి. అంటే మూడు కిలోల దాణా తిన్నప్పటికీ నోరు ఆడింది అరగంటే! పైగా గింజల్లోని పిండిపదార్థం కడుపులో కొంత పులుస్తుంది, ఆ పులుపు కూడా పై గోడకు చేటే. దాణా పెట్టడం తప్పని ఆమె అనలేదు. గడ్డి స్థానంలో దాణా పెట్టడం తప్పన్నది.

"తాతా, మీరు దీనికి రెండుపూటలా విందు చేస్తున్నారు. మధ్యలో ఉపవాసం పెడుతున్నారు. దీనికి విందూ వద్దు, ఉపవాసమూ వద్దు. రోజంతా ఫలహారం కావాలి," అన్నది.

ఇది ఒక్క తెనాలి మోతీకి వచ్చిన కష్టం కాదు. పెద్ద పెద్ద లాయాల్లో, నౌకర్లు, డాక్టర్లు కనిపెట్టుకుని ఉండే పందెపు గుఱ్ఱాలను పరీక్షించినప్పుడు, శిక్షణలో ఉన్నవాటిలో నూటికి ఎనభై, తొంభైకి కూడా ఈ పుళ్ళు కనిపించాయని పలు దేశాల్లో తేలింది. అక్కడ గింజలు మరీ ఎక్కువ, గడ్డి తక్కువ, పరుగు రోజూ. వంతులవారీగా ఒక రోజు మేత పెట్టి ఒక రోజు మాన్పించి చూసిన పరిశోధనలో కొద్దిరోజులకే పుళ్ళు లేచాయి. మనుషుల కడుపు పుళ్ళకు చాలావరకు ఒక సూక్ష్మజీవి కారణమని కనిపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ బహుమానం ఇచ్చారు. గుఱ్ఱాల విషయంలో మాత్రం అటువంటి జీవిమీద నేరం రుజువు కాలేదు. ఇక్కడ ముఖ్యమైన ముద్దాయి మేత పెట్టే పద్ధతే.

నిశ్చయంగా పుండు చూడాలంటే మూడు మీటర్ల పొడవు గొట్టం చివర కెమెరా పెట్టి ముక్కులోంచి కడుపులోకి దించాలి. ఆ యంత్రం మా ఊళ్ళో ఎక్కడిది? లక్షణాలనుబట్టీ, దినచర్యనుబట్టీ వైద్యం మొదలుపెట్టి, గుణం కనిపిస్తే సరేనన్నది అమ్మాయి. ఇంకొక సంగతి కూడా బయటపడింది. సంక్రాంతికి ముందు మోతీ కుంటితే, సాయిబుగారు ఎవరో చెప్పిన నొప్పిమాత్రలు పది రోజులు వేశారట. ఆ మాత్రలు కూడా కడుపు రక్షణను తగ్గించి పుండు చేయగలవని చెప్పి, ఇకమీదట డాక్టరు చూడకుండా వెయ్యవద్దని ఒట్టు పెట్టించుకుంది.

ఆమె చెబుతున్నంతసేపూ నాకు మన పాత పుస్తకాలు గుర్తుకొచ్చాయి. మనవాళ్ళు గుఱ్ఱాన్ని చిన్నచూపు చూసినవాళ్ళు కారు. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటరాజు కొలువులో కుదిరింది అశ్వశాలలోనే. నలచక్రవర్తి బాహుకుడై ఋతుపర్ణుడి దగ్గర చేసిందీ గుఱ్ఱాల కొలువే. గుఱ్ఱాల వైద్యానికి ఆదిగురువుగా శాలిహోత్రుణ్ణి చెప్పుకుంటారు. ఉత్తరాదిన గుఱ్ఱపు వైద్యుణ్ణి 'సాలోత్రి' అనడం ఆయన పేరుమీదనే వచ్చింది. మన తెలుగులో మనుమంచిభట్టు గుఱ్ఱాల లక్షణాలమీద ఏకంగా ఒక కావ్యమే చెప్పాడు. కాకతీయుల శాసనాల్లో 'సాహిణి' అనే బిరుదు కనిపిస్తుంది. అశ్వదళాలను చూసే అధికారి అన్నమాట.

ఇంత శాస్త్రం ఉన్న దేశంలోనే మార్కో పోలో మరొక దృశ్యాన్ని కూడా వర్ణించాడు. పదమూడో శతాబ్దం చివర ఆయన దక్షిణానికి వచ్చాడు. మన మోటుపల్లి రాజ్యాన్ని గురించి కూడా రాశాడు. తమిళదేశపు తీరంలో రాజులు అరబ్బు దేశాలనుంచి ఏటా వేలకొద్దీ గుఱ్ఱాలను గొప్ప ధరకు కొంటారనీ, సంరక్షణ తెలియక ఏడాది తిరిగేసరికి అవి చాలావరకు చచ్చిపోతాయనీ, వాటికి మాంసంతో ఉడికించిన అన్నం పెడతారనీ రాశాడు. గొప్ప తిండి పెట్టారు, కాని గుఱ్ఱం తిండి పెట్టలేదు! ఆ రాజులకూ మా సాయిబుగారికీ ప్రేమలో లోపం లేదు. ప్రేమకు గడ్డి తోడు కాలేదు, అంతే.

ఉలవలను నేను తక్కువ చేస్తున్నాననుకోకండి. ఇంగ్లీషువాళ్ళు ఉలవలకు పెట్టిన పేరే 'గుఱ్ఱపు గింజ' అని అర్థం వచ్చే మాట. వాటిని ఉడకబెట్టి పశువులకు పెట్టి, ఆ ఉడికిన నీళ్ళను చారు కాచుకున్న తెలివి మనది. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు ఉంటాయి గనుక నానబెట్టి ఉడికించడం శాస్త్రీయమేనని అమ్మాయి కూడా మెచ్చుకున్నది. అయితే ఆ పాత రోజుల్లో గుఱ్ఱం ఉన్న ప్రతి ఇంట గడ్డి కోసేవాడొకడు విడిగా ఉండేవాడు. వాడి పని ఉదయంనుంచి గట్లమీద గరిక చెక్కుకు రావడమే. బండి పోయింది, గడ్డివాడు పోయాడు, గుగ్గిళ్ళు మాత్రం మిగిలాయి. మనం పాతపద్ధతి అనుకుంటున్నది సగం పద్ధతే.

సరే, మోతీకి ఏం చేశారో చెబుతాను.

ముందు దాని బరువు కావాలి. కాటా ఎక్కడుంది? అమ్మాయి దర్జీ టేపు తీసి, ఛాతీ చుట్టుకొలత 155 సెంటీమీటర్లు, భుజంనుంచి పిరుదు దాకా పొడవు 148 అని చూసింది. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్ళీ పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుందట. లెక్క నేనే కట్టాను. ఇంచుమించు 300 కిలోలు వచ్చింది.

నీరు తీసేసిన లెక్కన, బరువులో నూటికి ఒకటిన్నర వంతుకు తగ్గకుండా రోజూ గడ్డి పడాలి. అంటే కనీసం నాలుగున్నర కిలోలు, ఆరు కిలోలైతే మేలు. పచ్చిగడ్డిలో మూడొంతుల దాకా నీరే ఉంటుంది గనుక, అది ఇరవై కిలోల పైమాట. గింజల్లోని పిండిపదార్థం మాత్రం ఒంటి బరువులో కిలోకు పూటకొక గ్రాము దాటకూడదు. మోతీకి పూటకు 300 గ్రాములు. అందుకని రెండుపూటల దాణాను సగానికి పైగా తగ్గించి, మూడు పూటలకు పంచింది. బెల్లం మాన్పించింది. ఈ మార్పంతా ఒక్క రోజులో చేస్తే మళ్ళీ కడుపునొప్పి పట్టుకుంటుందనీ, పదిరోజులమీద కొంచెం కొంచెంగా మార్చాలనీ హెచ్చరించింది.

నాలుగైదు గంటలకు మించి గడ్డి లేకుండా ఉండకూడదన్నది రెండో నియమం. మరి రాత్రి? దానికి బూబమ్మగారే ఉపాయం చెప్పింది. చేపలవాళ్ళ దగ్గర పాత వల ముక్క తెచ్చి సంచిలా కుట్టింది. చిన్న కన్నాల్లోంచి పరకా పరకా లాక్కుని తినాలి గనుక, రాత్రి పదింటికి కట్టిన గడ్డి తెల్లవారుజాము దాకా వస్తుంది. కాలు చిక్కుకోకుండా ఎత్తుగా కట్టమని అమ్మాయి చెప్పింది. నీళ్ళు ఎప్పుడూ ముందుండాలన్నది.

పప్పుజాతి పచ్చిమేత కొంచెం కలపాలన్నది మూడోది. అందులోని సున్నపు ధాతువు, మాంసకృత్తులు ఆమ్లాన్ని కొంత చల్లారుస్తాయట. దేశదేశాల్లో దీనికి లూసర్న్ గడ్డి వాడతారు. తమిళులు దాన్ని 'కుదిరై మసాల్' అంటారు, కుదిరై అంటే గుఱ్ఱమే. మా డెల్టాలో వరికోతల తరువాత దొరికేది పిల్లిపెసర. దాన్నే కొద్దికొద్దిగా అలవాటు చేయమన్నది. జనుము మాత్రం పశువులు తింటున్నాయి గదా అని గుఱ్ఱానికి వెయ్యవద్దన్నది. ముఖ్యంగా దాని గింజ గుఱ్ఱానికి విషం.

పనికి బయలుదేరే అరగంట ముందు ఒక చేటెడు గడ్డి తినిపించడం నాలుగోది. అది కడుపులో చాపలా పరుచుకుని ఆమ్లాన్ని పైకి చిమ్మనివ్వదు. ఇది వినగానే సాయిబుగారి ముఖం మారింది. లద్దె సంగతి ఆయన మనసులో మెదిలి ఉంటుంది.

మందు కూడా రాసింది. ఒమెప్రజోల్. మనలో సగంమంది జేబుల్లో ఉండే మందే. గుఱ్ఱానికి దాని బరువునుబట్టి, పరగడుపున, మేతకు ముందు, నాలుగు వారాలు ఇవ్వాలి. తరువాత ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ రావాలి. మన మాత్రలు విప్పి గుఱ్ఱం నోట్లో పోసే సొంతవైద్యం పనికిరాదని గట్టిగా చెప్పింది.

నేను ఉండబట్టలేక, "కడుపుకు మంచివని డబ్బాల్లో పొడులు అమ్ముతారట గదమ్మా, అవేమైనా..." అన్నాను.

"ఉన్నాయి మాస్టారూ. పండ్లలోని పెక్టిన్, లెసిథిన్ కలిపినవి ఉన్నాయి. కొన్ని పరీక్షల్లో ఉపకారం కనిపించింది, కొన్నిట్లో ఏమీ కనిపించలేదు. క్షారపు పొడులు కాసేపు మంట ఆర్పుతాయి, మళ్ళీ మామూలే. రోజుకు కొంచెం మొక్కజొన్న నూనె కలిపితే ఆమ్లం తగ్గిందని ఒక పరీక్షలో తేలింది, పుండును ఆపలేదని మరొకటి చెప్పింది. గడ్డి సరిగా పడుతున్న గుఱ్ఱానికి ఇవి తోడు. గడ్డి పడని గుఱ్ఱానికి ఇవి డబ్బు దండగ. ఎండలో తిరిగి వచ్చినప్పుడు ఉప్పు అవసరమే, కాని ముద్దగా చేసి ఖాళీ కడుపులోకి తోస్తే పుండు రేగుతుంది. మేతలో కలిపి పెట్టండి, పక్కన నీళ్ళు ఉంచండి."

చెప్పడం తేలిక. చేయడం సాయిబుగారి వంతు. ఆ మాఘంలో ఒప్పుకున్న అయిదు పెళ్ళిళ్ళు ఆయన వదులుకున్నారు. తీసుకున్న బయానాలు ఇళ్ళకు వెళ్ళి తిరిగి ఇచ్చారు. మందుకు రెండు పెళ్ళిళ్ళ బాడుగ అయింది. కొడుకు వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. డెబ్బై దాటిన మనిషి తెల్లవారకముందే కొడవలి పట్టుకుని కాలవగట్టుకు పోయి, పురుగుమందు చల్లని చోటు వెతికి, గరిక కోసుకుని నెత్తిన పెట్టుకు వచ్చేవాడు. వినాయకుడికి ఇరవయ్యొక్క పోచలు కోయడానికే విసుక్కునే నాకు ఆ మోపు చూస్తే మాట వచ్చేది కాదు. ఒక పూట ఆయన, ఒక పూట బూబమ్మగారు.

పదో రోజున మోతీ దాణా తొట్టి నాకింది. మూడోవారానికి జీను పట్టీ వేస్తే ఊరకే నిలుచుంది. నెల దాటాక అమ్మాయి వచ్చి టేపు పెడితే చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. అప్పుడు కొడుకు కూడా చూశాడు. ఏమీ అనలేదుగాని, మర్నాడు పల్లెలకు బాడుగ వెళ్ళి ఖాళీగా రావలసిన ఆటోలో రెండు మోపుల పిల్లిపెసర వేసుకొచ్చాడు. ఇప్పుడదే అలవాటయింది. అమ్మకం మాట మళ్ళీ ఆ ఇంట్లో నేను వినలేదు.

ఇక సుఖమే అనుకోవడానికి లేదు. వైశాఖంలో ఒక పెళ్ళికి సాయంత్రం ఆరింటికి రమ్మని, ఊరేగింపు పదకొండింటికి ఎత్తారు. మోతీ అయిదు గంటలు జనరేటరు పక్కన, బ్యాండు మోతలో, టపాకాయల పొగలో నిలబడింది. వెంట తెచ్చిన గడ్డి వెయ్యబోతే పెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకరు, "ఇప్పుడా మేపడం? తివాచీ పాడవుతుంది" అని అడ్డుపడ్డారట. మూడో రోజుకు మళ్ళీ దాణా వదిలేసింది. ఈసారి త్వరగా కనిపెట్టారు గనుక త్వరగానే కోలుకుంది. మానిన పుండు మళ్ళీ రాదని రాసిచ్చినవాళ్ళు లేరు. పద్ధతి తప్పిన వెంటనే అది గుమ్మంలోనే ఉంటుంది. ఆ తరువాత సాయిబుగారు ఒప్పందంలో ఒక షరతు చేర్చారు. గుఱ్ఱం ఉన్నంతసేపూ దాని ముందు గడ్డి ఉంటుంది, ఇష్టమైతేనే పిలవండి. దీనివల్ల ఒకటి రెండు బాడుగలు పోయాయి. పోతే పోయాయన్నారు.

అందుకే ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది. ఈ పత్రిక చదివే ఇళ్ళలో గుఱ్ఱాలు ఉండకపోవచ్చు. పెళ్ళిళ్ళు మాత్రం ఉంటాయి. వరుడి ఊరేగింపుకు గుఱ్ఱాన్ని మాట్లాడేటప్పుడు దాని ఎత్తు, రంగు, మీద వేసే జరీ గుడ్డ గురించి అడుగుతాం గదా, అది చివరిసారి ఎప్పుడు మేసిందో కూడా ఒకమాట అడగండి. ముహూర్తం ఆలస్యమైతే చుట్టాలకు కాఫీలు తిప్పుతాం. అదే వేళకు ఒక బకెట్టు నీళ్ళూ, ఒక మోపు గడ్డీ దాని ముందుకు కూడా వెళ్ళనివ్వండి. తివాచీ దగ్గర లద్దె పడుతుందంటారా? పడనివ్వండి. చీపురు పెడితే అయిదు నిమిషాల్లో పోతుంది.